విన్న మాట ఎవరి సొత్తు?

తమసా నదీతీరంలో ఆనాడు ఒకే క్రౌంచ మిథునాన్ని ఇద్దరు చూశారు. ఒకరు వాల్మీకి మహర్షి, మరొకరు నిషాదుడు. శిష్యుడైన భరద్వాజునితో స్నానార్థం వచ్చిన మహర్షి, ఆ నిర్మల జలాన్ని సజ్జనుని మనస్సుతో పోల్చి, వల్కలం అందుకొని, వనశోభను తిలకిస్తూ అడుగులు వేస్తున్నాడు. నిషాదుడూ చూస్తూనే ఉన్నాడు. అతని చూపులో ఏకాగ్రతకు లోటు లేదు. ఆ మాటకు వస్తే, గురి చూసే వేటగాని ఏకాగ్రత వనంలో విహరించే ఋషి ఏకాగ్రత కంటే ఒక వీసం ఎక్కువే అయివుంటుంది. అయినా ఆ దృశ్యం ఒకరికి ఆహారమైంది, మరొకరికి ఆదికావ్యమైంది.

కథలు ఎక్కడ దొరుకుతాయని అడిగేవారికి మన వాఙ్మయం ఇచ్చే మొదటి సమాధానం ఈ తీరంలోనే ఉంది. కథావస్తువు అప్పటికే మహర్షి చెవిని చేరింది. నారదుడు రామకథను సంగ్రహంగా చెప్పి వెళ్ళిన తరువాతనే ఆయన తమసకు బయలుదేరాడు. అంటే వృత్తాంతం ఉంది, వాక్కు ఇంకా కలుగలేదు. నేలకొరిగిన పక్షినీ, దానికై ఆక్రోశించే ఆడుపక్షినీ చూసినప్పుడు లోపల ద్రవించిన కరుణ ఛందోబద్ధమైన వాక్కుగా వెలువడింది. వెలువడిన తరువాత, తానేమి పలికానా అని ఆ మహానుభావుడే విస్మయం చెందాడు. ఆశ్రమానికి తిరిగివచ్చినా ఆ చింత వదలలేదు. చతుర్ముఖుడు స్వయంగా వచ్చి, ఆ వాక్కు తన సంకల్పం వల్లనే కలిగిందని చెప్పి, రామచరితాన్ని రచించమని ఆదేశించవలసివచ్చింది. ఆదికవి కథ కోసం పొంచి ఉండలేదు. కథను స్వీకరించదగిన మార్దవం ఆయనలో సిద్ధంగా ఉంది. దృశ్యం వచ్చి దానిని స్పృశించింది.

నిత్యం కంటబడే వస్తువులే గురువులు కాగలవని శ్రీమద్భాగవతం ఏకాదశ స్కంధం చెబుతుంది. సంప్రదాయం దత్తాత్రేయునిగా భావించే అవధూత, యదు మహారాజు అడిగిన ప్రశ్నకు సమాధానంగా 24 మంది గురువులను పేర్కొంటాడు. భూమి, వాయువు, జలం, అగ్ని మొదలుకొని పావురం, కొండచిలువ, మిడుత, చేప, సాలెపురుగు, బాణాలు చేసుకొనే శిల్పి, పింగళ అనే వేశ్య వరకు ఉన్న ఆ పట్టికలో ఎవరి వాకిట్లోనూ కనిపించనిది దాదాపు ఏదీ లేదు. అందులో ఒక సూక్ష్మం గమనింపదగినది. తేనెటీగ ఒక గురువు, తేనెపట్టును కొల్లగొట్టేవాడు మరొక గురువు. మొదటిది ప్రతి పువ్వు నుండి ఆ పువ్వుకు తెలియనంత స్వల్పంగా గ్రహిస్తుంది. రెండవవాడు ఇతరుల చిరకాల సంచయాన్ని ఒక్కమారుగా ఎత్తుకుపోతాడు. లోకాన్ని చూసి వ్రాసేవారు ఈ ఇద్దరిలో ఎవరి శిష్యులో తమను తామే పరీక్షించుకోవలసి ఉంటుంది.

చూసిన దాని విషయం ఇది. చెవిన పడిన దాని విషయం ఛాందోగ్యోపనిషత్తు నాలుగవ అధ్యాయంలో ఉంది. జానశ్రుతి పౌత్రాయణుడు మహాదాత. ఎందరెందరికో అన్నం పెట్టినవాడు, నలుదిక్కులా వసతిగృహాలు కట్టించినవాడు. ఒక రాత్రి ఆకాశంలో ఎగిరిపోతున్న హంసల సంభాషణ ఆయన చెవిన పడింది. ఒక హంస ఆయన తేజస్సును కొనియాడగా, మరొకటి, బండి గల రైక్వుని గురించి చెప్పవలసిన మాటలు ఇతని గురించి చెబుతున్నావేమిటని తేలికగా తీసిపారేసింది. ఆ మాట ఆయనను ఉద్దేశించి అన్నది కాదు. విననట్టు నిద్రపోవచ్చు, ఆగ్రహించవచ్చు, మరునాడు సభలో వింతగా చెప్పుకొని నవ్వుకోనూవచ్చు. జానశ్రుతి ఈ మూడింటిలో ఏదీ చేయలేదు. విన్న మాటలో తన కొరత ఏమిటో చూసుకున్నాడు. తెల్లవారగానే రైక్వుని వెతికించాడు. బండి నీడన కూర్చొని ఒళ్ళు గోక్కుంటున్న ఆ బ్రహ్మవేత్త పాదాల వద్దకు వెళ్ళి సంవర్గవిద్యను పొందాడు. అనుకోకుండా విన్న మాటకు మొదటి శ్రోత తన అంతరంగమే కావాలన్నది ఈ ఉపాఖ్యానం నేర్పే మర్యాద.

ఈ మర్యాద శాస్త్రంగా తెలియడం వేరు, అనుభవంగా తెలియడం వేరు. గోదావరీ తీరంలోని ఒక గ్రామ శివాలయంలో కొన్ని సంవత్సరాల క్రితం జరిగిన ఒక సంఘటన దానిని అనుభవంగా చూపించింది.

సమీప పట్టణంలో ఉపాధ్యాయుడుగా ఉన్న ఒక యువ కథకుడు ప్రతి సోమవారం సాయంత్రం ఆ ఆలయ ముఖమంటపంలో కూర్చునేవాడు. అప్పటికి వారపత్రికలలో రెండు మూడు కథలు అచ్చయ్యాయి. గదిలో కూర్చుంటే కథలు రావని, జనం మధ్యకు వెళ్ళాలని పెద్దలెవరో చెప్పిన మాట పట్టుకొని, చేతిలో చిన్న నోటుపుస్తకంతో వచ్చేవాడు. అతడు వ్రాసుకున్నవి మంచి దృశ్యాలే. అరటిదొప్పలో వెలిగించిన దీపాన్ని ఏటిలో వదిలి, అది కనుమరుగయ్యేవరకు రేవులో కదలకుండా నిలిచిన చిన్నపిల్ల ఒకటి. ప్రదక్షిణల లెక్క తప్పి, తక్కువైతే దోషమని మళ్ళీ మొదటినుండి ప్రారంభించిన వృద్ధుడు మరొకటి. కొట్టిన కొబ్బరికాయ కుళ్ళిందని కంటతడి పెట్టిన కొత్త పెళ్ళికూతురి చేతిలో, కాయలమ్మే ఆమె మరొక కాయ పెట్టి, “ఇది మా పెరట్లోదమ్మా, దీనికి డబ్బులొద్దు” అన్న మాట ఇంకొకటి. వీటిని చూడగలిగిన కన్ను సామాన్యమైనది కాదు.

కార్తిక మాసంలో ఒక సోమవారం నాడు, అర్చన కోసం నిలిచిన ఒక వృద్ధురాలు గోత్రం, భర్త పేరు, కుమార్తె పేరు, మనుమల పేర్లు వరుసగా చెప్పింది. చివర గడప వైపు కొంచెం వంగి, గొంతు తగ్గించి అడిగింది.

“పంతులుగారూ, పేరు చెప్పకుండా నక్షత్రం ఒక్కటే చెబితే స్వామికి తెలుస్తుందాండీ?”

అర్చకుడు క్షణకాలం ఆగి, “తెలుస్తుందమ్మా, చెప్పండి” అన్నాడు.

“పుబ్బ.”

నాలుగు అడుగుల వెనుక, స్తంభం పక్కన, వెండి పొన్నుకర్ర చంకన పెట్టుకొని ఆమె భర్త కళ్ళు మూసుకొని నిలుచున్నాడు. ఇంట్లో పెద్దకొడుకు పేరు ఎవరూ ఎత్తకూడదని ఆయన శాసించి ఏళ్ళు గడిచాయి. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. గర్భాలయం ముందు ఆ తల్లి తలచుకొనే నక్షత్రం సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. అది మొదలు ప్రతి సోమవారం అందరి పేర్ల చివర, దీపం వత్తి సవరించినంత మెల్లగా, ఆ ఒక్క మాట వినిపించేది.

కథకుడు ఆ రాత్రే కథ వ్రాశాడు. సంక్రాంతి నాటికి ఒక వారపత్రికలో అచ్చయింది. ఊరి పేరు మార్చాడు. కానీ నది రేవు ఉంది, స్తంభం ఉంది, వెండి పొన్నుకర్ర ఉంది, పుబ్బ నక్షత్రం ఉంది. ఉత్తరాలు వచ్చాయి, తోటి ఉపాధ్యాయులు అభినందించారు. పత్రిక గ్రామంలోనూ చేతులు మారింది. కథలోని గుమ్మం ఏ వీధిలోదో చెప్పడానికి ఎవరూ ఎక్కువసేపు ఆలోచించనవసరం లేకపోయింది.

ఆ తరువాతి సోమవారం ఆ వృద్ధదంపతులు ఆలయానికి రాలేదు. మాఘమంతా రాలేదు. మహాశివరాత్రినాడు లింగోద్భవ కాలానికి ఊరంతా తరలివచ్చింది. వారిద్దరూ రాలేదు.

అది తెలియని కథకుడు పత్రిక చేతబట్టుకొని వచ్చి, ఆలయ ప్రాకారం అరుగు మీద కూర్చునే వృద్ధ ఘనపాఠి గారికి ఇచ్చాడు. ఆయన అక్కడే కళ్ళద్దాలు పెట్టుకొని ఆసాంతం చదివారు.

“కథ బాగుందోయ్. చదువుతూ ఉంటే కళ్ళు చెమర్చాయి. ఒక్కటే సందేహం. ఆ మాట ఆవిడ ఎవరితో చెప్పింది?”

“పంతులుగారితోనండి.”

“కాదు నాయనా, స్వామితో చెప్పింది. పంతులుగారు మధ్యన ఉన్నారు, అంతే. నువ్వు ఆయనకంటే ఇంకా వెనకాల ఉన్నావు.”

కథకుని ముఖం వాడిపోయింది. అయినా ఊరుకోలేదు. “నేను తలుపుచాటున నక్కి వినలేదు కదండీ, తాతగారూ. గుళ్ళో పదిమందిలో అన్న మాటే చెవిన పడింది. ఎంతమంది తల్లుల బాధ అది! రాసేవాడు రాయకపోతే అది లోకానికి తెలిసేదెలాగ? వాల్మీకి మాత్రం ఆ పక్షిని అడిగి రాశాడా?”

ఈ వాదం తేలికగా తోసిపుచ్చదగినది కాదు. ఘనపాఠి గారూ తోసిపుచ్చలేదు. కొంతసేపు ఊరుకొని, భాగవతంలోని కుమారీ కంకణ వృత్తాంతాన్ని ఎత్తుకున్నారు. ఒక కన్యను చూడడానికి పెళ్ళివారు వచ్చారు. ఆ సమయానికి బంధువులెవరూ ఇంట లేరు. అతిథులకు తానే మర్యాదలు చేసి, వారి భోజనం కోసం చాటుగా వడ్లు దంచుతోంది. రోకటి పోటుకు చేతి శంఖవలయాలు గలగలమంటున్నాయి. దంపుడు కూడా తానే చేసుకోవలసిన ఇంటి స్థితి ఆ చప్పుడు వల్ల బయటపడుతుందని సిగ్గుపడి, ఒక్కొక్కటే పగులగొట్టి, చేతికి రెండేసి ఉంచుకుంది. అవి కూడా మోగాయి. ఇంకొక్కొక్కటి తీసివేస్తే చప్పుడు ఆగింది. లోకసంచారం చేస్తున్న అవధూత అది గమనించి, పలువురు చేరితే కలహం, ఇద్దరు చేరితే సంభాషణ, కనుక యోగి ఒంటరిగా చరించాలని గ్రహించాడు.

“ఇప్పుడు చెప్పు. ఆ పిల్లది ఏ ఊరు? తండ్రి పేరేమిటి? సంబంధం కుదిరిందా, తప్పిపోయిందా?” అన్నారు ఘనపాఠి గారు.

“అవేమీ లేవనుకుంటానండి.”

“లేవు. అవధూతకు తెలియకపోయి ఉండవచ్చు, తెలిసినా చెప్పకపోయి ఉండవచ్చు. ఆ పిల్ల దేన్ని దాచుకోవాలని గాజులు పగలగొట్టుకుందో, ఎవరి ఇంటిదో తెలియకుండా ఆయన కూడా దాన్ని దాచిపెట్టాడు. చప్పుడు తీసుకున్నాడు, ఆ చప్పుడు తనకేం చెబుతోందో చూసుకున్నాడు, వెళ్ళిపోయాడు. నువ్వు చప్పుడుతోపాటు ఆ ఇంటి తలుపు కూడా ఊడదీసుకొచ్చావు నాయనా. మూడు నెలలైంది, ఆవిడ గుడికి రావడం లేదు.”

కథకుడు మరి మాట్లాడలేదు.

ఘనపాఠి గారు చెప్పినదానికి వాఙ్మయంలో మరొక సాక్ష్యం ఉంది. సోమదేవుడు 11వ శతాబ్దంలో కాశ్మీరంలో రచించిన కథాసరిత్సాగరం, చాటుగా విన్న కథతోనే ప్రారంభమవుతుంది. ఎవరూ వినని కథలు చెప్పమని పార్వతీదేవి కోరగా, పరమేశ్వరుడు ఏకాంతంలో విద్యాధర చక్రవర్తుల కథలు వినిపించాడు. పుష్పదంతుడనే ప్రమథుడు యోగబలంతో లోనికి ప్రవేశించి విన్నాడు. విని ఊరుకోక భార్యకు చెప్పాడు. ఆమె దేవి సన్నిధిలోనే వాటిని మళ్ళీ చెప్పింది. ఫలితం శాపం, మానవజన్మ. అతని పక్షాన మాట్లాడిన మాల్యవంతుడికీ అదే గతి పట్టింది. వింధ్యాటవిలో కాణభూతికి ఆ కథలన్నీ చెప్పినప్పుడు పుష్పదంతునికి శాపవిమోచనం కలిగింది. గుణాఢ్యుడై పుట్టిన మాల్యవంతుడు వాటిని కాణభూతి నుండి విని, ఏడు సంవత్సరాలు శ్రమించి, పైశాచీ భాషలో ఏడు లక్షల గ్రంథంగా తన రక్తంతో వ్రాశాడు. శాతవాహన ప్రభువు దానిని నిరాకరిస్తే ఒక్కొక్క పత్రం చదివి వినిపిస్తూ అగ్నికి అర్పించాడు. మృగాలు మేత మాని కన్నీటితో విన్నాయి. చివరకు మిగిలినది ఒక లక్ష. ఒకరి ఏకాంతం నుండి వచ్చిన కథకు మూల్యం ఎంతటిదో ఈ ఐతిహ్యం గుర్తుచేస్తుంది. కథ చెప్పడం వల్ల శాపం కలిగింది, చెప్పడం వల్లనే తీరింది. మొదటిది కుతూహలంతో, తొందరపాటుతో చెప్పినది. రెండవది ఋణం తీర్చుకొనేవాడు చెప్పినది.

ఇక వాల్మీకి క్రౌంచిని అడిగాడా అన్న ప్రశ్న. ఆ పక్షి దుఃఖమే శ్లోకంగా పరిణమించిందని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో చెబితే, అభినవగుప్తపాదులు లోచన వ్యాఖ్యలో ఒక జాగ్రత్త చేర్చారు. దానిని ముని వ్యక్తిగత శోకమని భావించరాదు. అది ముని సొంత దుఃఖమే అయితే రసంగా ఆస్వాదింపబడే అవకాశం ఉండదు. హృదయసంవాదం చేత అది కరుణరసంగా పరిణమించి, నిండుకుండ పొర్లినట్లు వాక్కై ప్రవహించింది. భట్టనాయకుడు సాధారణీకరణమని పేర్కొన్నదీ ఈ మార్గంలోనిదే. విశేషాలు కరిగిపోయి భావం అందరిదీ కావడమే దాని స్వరూపం. ఒక దుఃఖం ఎవరిదో వేలెత్తి చూపగలిగినంత కాలం అది వార్త మాత్రమే. ఎవరిదని అడగవలసిన అవసరం తీరినప్పుడు అది కావ్యం. వాల్మీకి వాక్కు ఆ పక్షి గూడును ఎవరికీ చూపించలేదు. బాణం వేసినవాని ఎదుట ఆ పక్షి పక్షాన నిలిచింది. యువకథకుని లోపం వినడంలో లేదు, వ్రాయడంలోనూ లేదు. విన్న మాట తనలో కరగకముందే, పొన్నుకర్రతో సహా, అచ్చుకు పంపడంలో ఉంది.

మరునాడు అతడు ఆ ఇంటికి వెళ్ళాడు. వృద్ధురాలు వసారాలో కూర్చొని వత్తులు చేసుకుంటోంది. అతడెవరో గుర్తుపట్టి, “రా బాబూ, ఎండన పడి వచ్చావు” అని మంచినీళ్ళు ఇచ్చింది. అతడు గ్లాసు పక్కన పెట్టి, తప్పు చేశానని, క్షమించమని అడిగాడు.

“నాకు చదువు రాదు బాబూ. మావారే చదివి వినిపించారు, చివరిదాకా” అంది. ఆ మాటలో కోపం లేదు, అలాగని క్షమ కూడా లేదు. మళ్ళీ వత్తులు చేసుకోసాగింది.

చదివిన తరువాత ఆయన ఏమన్నారు? ఆ ప్రశ్న కథకుని నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు దానిని గుర్తించాడు. అది పశ్చాత్తాపం అడుగుతున్న ప్రశ్న కాదు, కథ అడుగుతున్న ప్రశ్న. ఎదుట ఉన్న పక్షి ఇంకా విలవిలలాడుతుండగానే చేయి రెండవ బాణం కోసం అమ్ములపొది వైపు వెళుతోంది. అతడు ఆ ప్రశ్నను మింగేశాడు. నీళ్ళు తాగి, నమస్కరించి వచ్చేశాడు.

ఆ రాత్రి దూరాన ఉన్న తన తల్లికి ఫోన్ చేసి, “అమ్మా, నాది ఏ నక్షత్రం?” అని అడిగాడు. ముప్పై ఏళ్ళు వచ్చినా అతనికి అది తెలియదు. ఆమె తడుముకోకుండా పాదంతో సహా చెప్పింది. ఎన్ని సోమవారాలుగా, ఏ గుడి గడప ముందు, ఎంత మెల్లగా ఆమె దానిని చెప్పుకుంటోందో అతడు మొదటిసారి ఆలోచించాడు. గర్భాలయం ముందు ఆ వృద్ధురాలి మాట విన్న సాయంత్రం కలుగవలసిన ఆలోచన అది. జానశ్రుతికి ఆ రాత్రే కలిగింది. ఇతనికి కొన్ని నెలలు పట్టింది.

అతడు వ్రాయడం మానలేదు, మానమని ఘనపాఠి గారూ చెప్పలేదు. సోమవారాలు మంటపంలో కూర్చోవడమూ మానలేదు. నోటుపుస్తకం మాత్రం ఇంట్లో ఉంచి వస్తున్నాడు. చూసినది, విన్నది మనస్సులోనే నిలవనిస్తున్నాడు. ఏడాది గడిచినా నిలిచి ఉన్నదే తనదని, ఈలోపు మరచిపోయినది ఎవరిది వారికే చేరిందని అతని లెక్క. కొబ్బరికాయలమ్మే ఆమె మాట ఇప్పటికీ నిలిచి ఉంది. ఎప్పుడో ఒకనాడు అది కథ కావచ్చు. అందులో కొబ్బరికాయలు ఉండకపోనూవచ్చు.

జ్యేష్ఠ మాసాంతంలో, తొలకరి పడిన ఒక సోమవారం సాయంత్రం ఆ వృద్ధురాలు మళ్ళీ ఆలయానికి వచ్చింది. ఒంటరిగానే వచ్చింది. తడిసిన కొంగు పిండుకొని, దొన్నెలో నాలుగు మారేడు దళాలు, రెండు గన్నేరు పూలు పట్టుకొని గర్భాలయం ముందు నిలిచింది. అర్చకుడు గోత్రం అడిగాడు.

ఆ సమయానికి కథకుడు స్తంభం పక్కన, నాలుగు అడుగుల దూరంలో కూర్చొని ఉన్నాడు. ఆమె గోత్రం చెప్పడం మొదలుపెట్టగానే లేచాడు. మంటపం దిగి, ధ్వజస్తంభం దాటి, చినుకుల్లోనే నడిచి ప్రాకారం దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు. అక్కడినుండి దీపం కనిపిస్తుంది, మాట వినిపించదు.

ఆమె ఆనాడు ఎవరెవరి పేర్లు చెప్పిందో, చివర ఏ నక్షత్రం చెప్పిందో అతడు వినలేదు.

స్వస్తి.